రేగడిపల్లి జాజ్ తీర్మానాలు

ఆ బుధవారం పొద్దున రామచందర్ పెట్టుకున్న పని ఒక్కటే. పంచాయతీ గదిలోని సర్కారు రేడియో మీద దుమ్ము తుడిచి, సాయంత్రం గోష్ఠికి సిద్ధం చేసి, వచ్చి దుకాణం తెరుచుకోవాలి. గంట పని. ఆ గంట పని నెల రోజుల పాటు తన ప్రాణం తోడేస్తుందని తెలిసి ఉంటే, దుమ్మును దాని మానాన దాన్ని ఉండనిచ్చేవాడు పాపం.

రేగడిపల్లి తాండూరుకు రెండు కోసుల దూరం. 1962 వేసవి నాటికి ఆ ఊరికి కరెంటు రాలేదు, బస్సు రాలేదు గానీ రేడియో మాత్రం వచ్చింది. బ్యాటరీతో నడిచే పెద్ద చెక్కపెట్టె. హైదరాబాద్ తప్ప ఇంకేదీ పలకకుండా ముల్లు బిగించి, వెనక చెక్కకు లక్క సీలు వేసి మరీ ఇచ్చారు. దాని చుట్టూ ఇరవై మందితో ఒక రేడియో గోష్ఠి. ప్రతి బుధవారం సాయంత్రం అందరూ చేరి అరగంట వ్యవసాయ ప్రసంగం వినాలి, అరగంట చర్చించాలి, ఏం విన్నారో ఏం తీర్మానించారో ఫారంలో రాసి వికారాబాద్ పంపాలి. వరసగా రెండు వారాలు ఫారం అందకపోతే పెట్టెను మోమిన్‌పేట్ వైపు ఊళ్లకు ఇచ్చేస్తారు.

కిరాణా దుకాణం రామచందర్ ఆ గోష్ఠికి కార్యదర్శి. ఫారం నింపడమంటే అతనికి పెళ్లి భోజనం లాంటిది. ఎరువు గురించి ప్రసంగకర్త చెప్పింది నాలుగు ముక్కలైతే, అచ్చమైన గ్రాంథికంలో ఇతను రాసేది నలభై. సర్కారు ఉత్తరాల్లో ‘శ్రీయుత’ అని పిలిపించుకునే మనిషి ఊరు మొత్తానికి తానొక్కడే. ఆ సంగతి తానూ మరిచిపోడు, ఇంకొకరిని మరిచిపోనివ్వడు.

అయితే ఆ నెల రేడియో మీద ఆధారపడింది అతని గొప్ప ఒక్కటే కాదు, గొర్రెల కాపరి బీరయ్య మంద కూడా. కిందటేడు తొలకరి పడి లేతగడ్డి మొలవగానే చిటుక రోగం వచ్చి బీరయ్య గొర్రెలు సగానికి సగం పోయాయి. పొద్దున మేతకు పోయిన గొర్రె మధ్యాహ్నానికి గిలగిల తన్నుకుని పడిపోయేది. వానలకు ముందే సూది వేయిస్తే ఆ రోగం రాదని ఎవరో చెప్పారు. ఆ సూదులు ఎక్కడ వేస్తారు, ఎప్పుడు వేస్తారు అని బీరయ్య వేలిముద్రతో రామచందర్ ప్రశ్న రాసి పంపాడు. మీ ప్రశ్నకు జవాబు రేడియోలో చెప్పబడునని కార్డు వచ్చింది. మిగిలిన అరవై గొర్రెలతో బీరయ్య రోజూ మబ్బు వైపు ఒకసారి, పంచాయతీ గది వైపు ఒకసారి చూస్తూ బతుకుతున్నాడు.

సరే, దుమ్ము. తుడుస్తూ ఉంటే పెట్టె లోపల ఏదో గరగరలాడింది. బల్లి అనుకున్నాడు రామచందర్. సర్కారు రేడియోలో బల్లి ఉండడం కార్యదర్శికి నామోషీ అని కూడా అనుకున్నాడు. జేబులోని చాకుతో వెనక చెక్కను ఒక్క అంగుళం ఎత్తాడు. లక్క సీలు పొడి పొడి అయింది. బల్లి అతని చేతి మీద నుంచి పాకింది. అతను ఎగిరి గంతేశాడు. ఆ గంతులో చాకు లోపల దేన్నో తెంపింది. మీట తిప్పితే రేడియో కిక్కురుమనలేదు.

సర్కారు సీలు పగలగొట్టిన కార్యదర్శి ఇక ఎవరికీ శ్రీయుతుడు కాడు. రామచందర్ వెంటనే సైకిల్ మీద తాండూరు పోయి రేడియోలు బాగుచేసే అతన్ని బతిమాలాడు. సీలు వేసి ఇచ్చిన సర్కారు పెట్టెను ముట్టేది లేదని అతను చేతులు జోడించాడు. ఇంటికొచ్చి భార్య కస్తూరమ్మకు చెప్పుకుంటే, పోయి నిజం చెప్పి రమ్మంది. అంత తేలిక మార్గం రామచందర్‌కు నచ్చలేదు.

అతని ఇంట్లో సొంత రేడియో ఒకటి ఉంది. వికారాబాద్ జంక్షన్‌లో పనిచేసి వెళ్లిపోతున్న ఒక రైల్వే గార్డు దగ్గర కొన్నది. పరదేశం స్టేషన్లే తప్ప దానికి హైదరాబాద్ అందదు. ఈ ఒక్క వారం ఏదో ఒకటి పలికితే చాలు, గండం గడుస్తుంది అనుకుని దాన్ని సర్కారు పెట్టె వెనక పెట్టి, బ్యాటరీ తగిలించి, రెండింటి మీదా దుప్పటి కప్పాడు. సాయంత్రం సభ్యులు వచ్చి కూర్చున్నాక దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి మీట తిప్పాడు.

ముందు బాకా ఒకటి లేచింది. దాని వెనక డోలు, ఇంకా ఏవేవో. గది గోడలు అదిరాయి. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ప్రసంగానికి ముందు హైదరాబాద్ వాళ్లు ఎప్పుడూ కాసేపు వీణ వాయిస్తారు. ఆఫీసరు ఇంకా వచ్చినట్టు లేదు, అందాకా వాయిస్తున్నారు అని బీరయ్య పక్కవాళ్లకు సర్దిచెప్పాడు. తర్వాత ఒక దొర గొంతు చాలా నిదానంగా ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టింది. ఇరవై తలలూ కార్యదర్శి వైపు తిరిగాయి. కార్యదర్శికి వచ్చిన ఇంగ్లీషు సబ్బుబిళ్ల మీద ఉన్నంత. ఢిల్లీ వాళ్ల కొత్త కార్యక్రమమని చెప్పేసి, మార్తమ్మ వైపు దీనంగా చూశాడు.

మార్తమ్మ ఆ ఊరి నర్సు. వికారాబాద్ మిషన్ దవాఖానలో పని నేర్చుకుంది, అక్కడి అమెరికా డాక్టరమ్మల దగ్గర ఇంగ్లీషు కూడా నేర్చుకుంది. రేగడిపల్లిలో ఆమె చేతుల మీద పుట్టని పసిపిల్ల లేదు. ఆమె రామచందర్ దగ్గరికి జరిగి, ఇంకెవరికీ వినపడకుండా అంది.

“సేటూ, గిది హైదరాబాదూ కాదు, ఢిల్లీ కాదు.”

రామచందర్ దుప్పటి చాటున రెండు చేతులూ జోడించాడు. మార్తమ్మ గొంతు ఇంకా తగ్గించింది.

“నేనైతే అబద్ధమాడ. ఆయన ఏం చెప్తున్నడో గదే చెప్త.”

అన్నట్టే ఉన్నదున్నట్టు చెప్పింది. అది అమెరికాలో పుట్టిన జాజ్ అనే సంగీతం. దాని పుట్టుక, పెరుగుదల వారానికొక కథగా చెబుతారట. నల్లజాతి మనుషులకు బేడీలు వేసి ఓడల్లో ఎక్కించి, సముద్రం దాటించి అమ్మారట. పత్తి చేలల్లో ఎండకు ఎండి చాకిరి చేసే ఆ జనానికి సొంతమని చెప్పుకోవడానికి పాట తప్ప ఏమీ లేదట. చేనులో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు బదులు పాడేవారట. జాజ్ వేళ్లు ఆ పాటల్లోనే ఉన్నాయట. పత్తి ఏరడానికి పోయే ఎంకమ్మ కళ్లు తుడుచుకుని, చేన్లో తామూ అలాగే పాడతామనీ, మరి తమను రేడియోలో ఎందుకు వేయరనీ అడిగింది.

ఆ ఒక్క వారమే అని కదా రామచందర్ అనుకున్నది. కానీ ఫారం ముందు కూర్చునేసరికి అతని చెయ్యి ఊరుకోలేదు. “ఈ వారము విషయము: ప్రత్తి. తీర్మానము: ప్రత్తి ఏరు సమయమున ఒకరు పాట నందుకొనగా మిగిలినవారు బదులు పలుకవలెను. దీనివలన అలసట తగ్గును” అని రాసి పంపాడు. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదని తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు.

రెండో వారం న్యూ ఆర్లియన్స్ అనే ఊరి కథ. అక్కడ చావు జరిగితే బాజా వాళ్లు ఏడుపు రాగంతో నెమ్మదిగా శవం వెంట నడుస్తారట. పూడ్చిపెట్టి వచ్చేటప్పుడు మాత్రం, పోయినవాడి కష్టాలు తీరాయని కాళ్లాడించే వాయిద్యం వాయిస్తూ ఎగురుతూ వస్తారట. పోయేటప్పుడు ఏడవడం సరే, వచ్చేటప్పుడు ఎగరడం మర్యాదేనా అని గంటసేపు వాదులాడుకున్నారు. చివరికి, మన శ్మశానం బాటలో ఎగరడం కాదు కదా నడవడమే కుదరదని తేలింది. అన్నీ తుమ్మముళ్లే. “విషయము: గ్రామ పారిశుద్ధ్యము” అని రాశాడు రామచందర్. మర్నాడు జనం నిజంగానే గొడ్డళ్లు పట్టుకుపోయి ముళ్లు కొట్టేశారు.

మూడో వారం, పని వెతుక్కుంటూ ఆ పాటగాళ్లు ఊళ్లు విడిచి, ఉత్తరాన చికాగో వైపు తరలిపోయిన కథ. “విషయము: రవాణా సౌకర్యములు. తీర్మానము: తాండూరు బస్సు మా ఊరికి వచ్చిన యెడల ఎవరును ఊరు విడువవలసిన పని యుండదు.” నాలుగో వారం పెద్ద మేళాల కథ. పదిహేను మంది కలిసి వాయిస్తారట. మధ్యలో ఒక్కొక్కరు లేచి తన ఇష్టమొచ్చినట్టు వాయిస్తుంటే, మిగతావాళ్లు తొందరపడకుండా తాళం పట్టి తమ వంతు కోసం ఆగుతారట. ఇది గొర్ల కాపరులకు తెగ నచ్చింది. బావి దగ్గర మందలు నీళ్లు తాగేటప్పుడు వాళ్లు రోజూ తన్నుకునేది ఈ వంతు గురించే. ఆ రోజు నుంచి వంతుల ప్రకారమే నీళ్లు అని ఒట్టు పెట్టుకున్నారు. రామచందర్ రాశాడు: “ఒకరు వాయించునపుడు మిగిలినవారు తాళము వేయుచు తమ వంతుకై ఆగవలెను. గొర్రెల విషయమునను ఇదియే పద్ధతి.”

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ప్రతి బుధవారం చివర్న బీరయ్య లేచి నిలబడి, తన గొర్రెల సంగతి ఇవాళ కూడా రాలేదా అని అడిగేవాడు. వచ్చే వారం వస్తుందని రామచందర్ చెప్పేవాడు. ఆ జవాబు హైదరాబాద్ ఈపాటికి చెప్పేసి ఉంటుందేమో, ఇక్కడ తాము బాకా వింటూ కూర్చున్నామేమో అనే భయంతో అతనికి అన్నం సయించడం మానేసింది. మార్తమ్మ రెండుసార్లు దుకాణానికి వచ్చి, ఉప్పు కొనే నెపంతో నిజం చెప్పమని గట్టిగా చెప్పింది. కస్తూరమ్మ అయితే ఏమీ అనకుండా మజ్జిగ పోసి వెళ్లిపోయేది. అది ఇంకా ఘోరం.

ఉండబట్టలేక రామచందర్ రైలెక్కి వికారాబాద్ పోయాడు. ఒప్పేసుకుని, సూదుల సంగతి కనుక్కుని రావాలని తొవ్వ పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. గోష్ఠులన్నిటి పెత్తనం రాజేందర్ అనే ఆఫీసరుది. ఇతన్ని చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రేగడిపల్లి నివేదికలకు నకళ్లు తీయించి జిల్లా అంతా పంపుతున్నాడట. మిగతా ఊళ్ల వాళ్లు ‘విన్నాము, బాగున్నది’ అని రాస్తుంటే, పాటతో పత్తి ఏరడమేమిటి, వంతుల తీర్మానమేమిటి, ఇంతింత ఆలోచనలు మీకెలా వస్తున్నాయని ఆశ్చర్యపోయాడు. వచ్చే బుధవారం తానే స్వయంగా వచ్చి మీ మధ్య కూర్చుని వింటానన్నాడు. రామచందర్ నోరు తెరిచాడు. అంతలో ఆఫీసరు ఇంకొకటి అడిగాడు.

“మీ గొర్ల ప్రశ్నకు జవాబు చెప్పిన్రు కద రేడియోల, విన్నరా?”

“విన్నం సార్,” అన్నాడు రామచందర్.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. కప్పు చాయ్ తాగించి పంపారు. రైల్లో కూర్చుని కిటికీలోంచి చూస్తే, తాండూరు వైపు మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది. తనను తాను తిట్టుకోవడానికి గ్రాంథికం పనికిరాలేదు.

మంగళవారం మధ్యాహ్నం బీరయ్య దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. తాండూరు సంతకు పోయి వస్తున్నాడు.

“సోమారం తాండూరుల సూదులేసిన్రట సేటూ. మా ప్రశ్నకే జవాబని, తారీకు గిట్ల రేడియోల మూడుసార్లు చెప్పిన్రట. మరి మనం ఏం విన్నం?”

రామచందర్ చేతిలోని తక్కెడ కిందపడింది. బీరయ్య తిట్టలేదు, కొట్టలేదు. భుజం మీది గొంగడి సర్దుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా తొలి వాన పడింది. ఊరంతా సంబరపడింది గానీ, వారం తిరిగేసరికి మొలిచే లేతగడ్డిని తలుచుకుని ఆ ఊళ్లో ఇద్దరు మాత్రం కన్ను మూయలేదు.

బుధవారం సాయంత్రం బురద చిమ్ముకుంటూ జీపు వచ్చింది. రాజేందర్ దిగాడు. వెంట భీమప్ప అనే పశువుల డాక్టరు కూడా దిగాడు. ఇద్దరికీ పూలదండలు వేసి ముందు వరసలో కూర్చోబెట్టారు. బీరయ్య వచ్చి గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడ్డాడు. రామచందర్ దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి మీట తిప్పాడు. బాకా ఎప్పటిలాగే లేచింది. ఇదేమిటన్నట్టు రాజేందర్ తల పక్కకు తిప్పాడు. ఏదో ఒక అబద్ధం చెప్పడానికి అదే సమయం, చెప్పడంలో రామచందర్‌కు కొదవా లేదు. కానీ అతని చూపు గుమ్మం వైపు పోయింది. ఒక్కసారిగా దుప్పటి లాగి కింద పారేశాడు.

“సర్కారు రేడియో నేనే ఖరాబు చేసిన సార్. నెల దినాల సంది గీళ్లకు వినిపిచ్చింది నా ఇంటి రేడియో, అమెరికా పాటలు. నా రిపోర్టులన్ని గవే. గొర్ల జవాబు మేం వినలే. నన్నేమన్న చేయండ్రి, గని బీరయ్య గొర్లకు మాత్రం సూదులేపియ్యండ్రి సార్. నీ కాల్మొక్త.”

బాకాకు మాత్రం ఇవేమీ పట్టలేదు, అది దాని మానాన అది పాడుతూనే ఉంది. రాజేందర్ మొహం ఎర్రబడింది. జిల్లా అంతా పంపిన నకళ్లు గుర్తొచ్చినట్టున్నాయి. సీలు పగిలితే పెట్టె మోమిన్‌పేట్ పోవాల్సిందే, రూలు రూలేనన్నాడు. అప్పుడు భీమప్ప డాక్టరు మెల్లగా దగ్గి, ఒక మాట చెబుతానన్నాడు.

సోమవారం తాండూరులో ఏం జరిగిందో ఆయన చెప్పుకొచ్చాడు. నాలుగు ఊళ్ల మందలు ఒక్కసారే మీద పడ్డాయట. నేను ముందంటే నేను ముందని తోసుకుని మందు సీసాలు సగం పగలగొట్టారట. రేగడిపల్లి కాపరి ఒక్కడు కూడా కనపడలేదు. ప్రశ్న అడిగిన ఊరే రాలేదేమిటని రాజేందర్‌ను అడిగితే, ఆయన వాళ్ల తీర్మానం చూపించాడట. తాళం వేస్తూ వంతు కోసం ఆగాలి, గొర్రెల విషయంలోనూ ఇదే పద్ధతి. అది చదివి డాక్టరుకు కళ్లు చెమర్చాయట. ఇన్నేళ్ల కొలువులో వంతు కోసం ఆగిన ఊరిని ఆయన చూడలేదు.

“తోసుకునేటోళ్లకే అన్ని పోతే, ఆగినోళ్లకు న్యాయమెక్కడిది? అందుకే మీ వంతు మీకు తెచ్చిన. సూదిమందుల మంచుపెట్టె జీపుల ఉంది,” అన్నాడు భీమప్ప.

సంగతి అర్థమయ్యాక బీరయ్య గోడను వదిలి ముందుకొచ్చి రాజేందర్ ఎదుట నిలబడ్డాడు.

“సార్, సేటు మస్తు అబద్ధాలాడిండు. గది నేను మరువ. గని గా పాటలోళ్లు అబద్ధమాడలే. బేడీలేసి అమ్మితె అమ్ముడువోయినోళ్లు, తమదంటూ ఏం లేనోళ్లు. ఆళ్ల పాట ఇన్ని సముద్రాలు దాటొచ్చి నా మందను నిలవెట్టింది. ఆళ్లకు దండం పెట్టాల్నంటే ఎటు దిక్కు తిరగాలె సార్?”

రూళ్ల పుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. రాజేందర్ సహాయం కోసం మార్తమ్మ వైపు చూశాడు. ఆమె బహుశా పడమర అంది. ఇరవై మంది లేచి పడమర తిరిగి చేతులు జోడించారు. అటు వైపు ఉన్నది పంచాయతీ గది గోడే అయినా, ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు కూడా టోపీ తీసి నిలబడ్డాడు.

చీకటి పడేలోపే సూదులు అయిపోవాలని అందరూ బయటికి నడిచారు. రేడియోను గుమ్మంలో పెట్టి గట్టిగా పాడనిచ్చారు. కాపరులు మందలతో వరస కట్టారు. ఒకడు గొర్రెను పట్టుకుని సూది వేయిస్తుంటే, మిగతావాళ్లు నిజంగానే చప్పట్లతో తాళం వేస్తూ ఆగారు. తోపులాట లేదు, ఒక్క సీసా పగల్లేదు. రామచందర్ దూరంగా అరుగు మీద తలవంచుకుని కూర్చున్నాడు. బీరయ్య అతన్ని పేరు పెట్టి పిలిచాడు. తన మందలో అన్నిటికంటే మొండి పొట్టేలును ఈడ్చుకొచ్చి దాని కొమ్ములు అతని చేతుల్లో పెట్టాడు.

“పట్టుకో సేటూ. గిప్పుడు నీ వంతు.”

పుట్టి బుద్ధెరిగి గొర్రెను తాకని రామచందర్ ఆ పొట్టేలును కళ్లు మూసుకుని వాటేసుకున్నాడు. అది అతన్ని బురదలో రెండుసార్లు పడేసింది. రెండుసార్లూ బీరయ్యే చెయ్యిచ్చి లేపాడు. బీరయ్య మందలో అరవయ్యో గొర్రెకు సూది పడేసరికి శ్రీయుత కార్యదర్శి నిలువెల్లా బురదతో, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ కనపడిన ప్రతి మనిషికీ దండం పెడుతున్నాడు. వరసలో ఒకటి రెండు గొర్రెలకు కూడా పెట్టాడు.

ఆ ఏడు వానలు దండిగా కురిశాయి, గడ్డి మోకాలెత్తు పెరిగింది, బీరయ్య మందలో ఒక్క గొర్రె కూడా పోలేదు. సర్కారు రేడియోను రాజేందర్ తానే వికారాబాద్ తీసుకుపోయి బాగుచేయించి, కొత్త సీలు వేయించి పంపాడు. కారణం దగ్గర ‘బల్లి’ అని రాశాడు. అది తిరిగొచ్చిన బుధవారం హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి పెంట ఎరువు గుంతల మీద ఏకబిగిన అరగంట ప్రసంగించాడు. అది విన్నాక రామచందర్ ఫారం ముందేసుకుని, కార్యదర్శి అయిన తర్వాత మొట్టమొదటిసారిగా జరిగింది జరిగినట్టు రాశాడు: “ఉపన్యాసము మిక్కిలి ఉపయోగకరము. సభ్యులు పదునెనిమిది మంది నిద్రించిరి.”